ఒడ్డెక్కిన బోటుని వదిలేసి వచ్చాక మన బాధ్యత ఎంతవరకు?

తమ్ముడూ, మిగతావాళ్ళకి కూడా అర్థమవ్వాలి కాబట్టి ముందు నువ్వు అడిగింది క్లుప్తంగా చెప్తాను. భీమిలిలో సెకండ్ హ్యాండ్‌లో 22 అడుగుల తెరచాప బోటు కొన్నావు. దానికి చిన్న ఔట్‌బోర్డ్ ఇంజన్ ఉంది. సముద్రం మీద పెద్దగా అనుభవం లేకుండానే, ఒక స్నేహితుడితో కలిసి ఒడ్డు వెంబడి ఒడిశాలోని గోపాల్‌పూర్ వరకు వెళ్దామని బయల్దేరావు. ఫాల్గుణ పౌర్ణమి మర్నాడు సాయంత్రం కళింగపట్నం దాటాక ఇంజన్ ఆగిపోయింది. గాలి ఒడ్డు వైపు నెట్టింది, లంగరు పట్టలేదు, చీకటి పడ్డాక బోటు ఇసుకలో కూరుకుపోయింది. ఇద్దరూ దూకి ఒడ్డెక్కారు. ఊళ్ళోవాళ్ళు పొడి బట్టలిచ్చి అన్నం పెట్టారు. తెల్లారగానే శ్రీకాకుళం వచ్చి బస్సెక్కి వెళ్ళిపోయారు. ఇప్పటికి పది రోజులైంది. నీకు బోటు అమ్మినాయనకి ఎవరో ఫోన్ చేసి "మీ బోటు మా రేవులో పడి ఉంది, వలలు చిరుగుతున్నాయి" అన్నారట. నువ్వు అడిగేది: "నేను దాన్ని వదిలేశాను, ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకోవచ్చు. ఇంకా నాకు బాధ్యత ఉంటుందా? కేసు అవుతుందా? ఊరుకుంటే సరిపోతుందని ఫ్రెండ్స్ అంటున్నారు."

విశాఖ పోర్టులో టగ్గుల (పెద్ద ఓడల్ని లాగే పడవల) మీద చాలా ఏళ్ళు సరంగుగా, అంటే పడవ నడిపేవాడిగా పనిచేశాను. మాది కళింగపట్నం దగ్గరే. ఒడ్డెక్కిన బోట్లని తీసే పనిలో చెయ్యి పెట్టినవాణ్ణి కాబట్టి తెలిసింది చెప్తాను.

బోటు నీదే. వదిలేశాననుకున్నంత మాత్రాన అది నీది కాకుండా పోదు. ఊరుకుంటే సరిపోదు, వెంటనే బయల్దేరి రా.

అలాగని బోటు దిగి ఒడ్డెక్కినందుకు సిగ్గుపడకు. చీకట్లో, కెరటాలు విరిగేచోట, పక్కకి ఒరిగిన బోటుని పట్టుకుని వేలాడేవాళ్ళే ప్రాణాలు పోగొట్టుకుంటారు. 2018 సెప్టెంబరులో మన నౌకాదళ అధికారి అభిలాష్ టామీ ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే పోటీలో ఉండగా దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫానులో చిక్కుకున్నాడు. బోటు తెరచాప స్తంభం విరిగింది, ఆయన నడుము దెబ్బతింది. ఫ్రెంచి పడవ వచ్చి ఆయన్ని ఎక్కించుకుంది, ఆయన బోటు 'తురీయ' సముద్రంలోనే ఉండిపోయింది. అంతటి నావికుడే ప్రాణం కోసం బోటు దిగాడు. నువ్వు దిగడం సరైన పనే. తప్పంతా ఆ తర్వాత తెల్లవారుజామున ఎవరికీ ఏమీ చెప్పకుండా బస్సెక్కడంలో ఉంది. అదైనా ఇప్పటికీ సరిదిద్దుకోగలిగిందే.

చట్టం సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే నీ టెన్షనంతా దాని మీదే ఉంది గానీ అసలు పని వేరేచోట ఉంది. మన దేశంలో చాలాకాలం 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం నడిచింది, దాని స్థానంలో 2025లో పార్లమెంటు కొత్త చట్టం తెచ్చింది. తిరిగి తీసుకునే ఆశ గానీ ఉద్దేశం గానీ లేకుండా వదిలేసిన పడవని కూడా పాత చట్టం సముద్ర శకలం (ఇంగ్లీషులో రెక్) గానే లెక్కపెట్టేది. అలాంటిది దొరికినవాళ్ళు దాన్ని తమ సొంతం చేసుకోకూడదు. ప్రభుత్వం నియమించిన రిసీవర్‌కి అప్పగించాలి. యజమాని వచ్చి తనదని చెప్పుకోవడానికి ఏడాది గడువు ఉండేది. దాన్ని కాపాడినవాళ్ళకి యజమాని తగిన ప్రతిఫలం ఇవ్వాలి. అంటే "ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకోండి" అని నువ్వు ఎంత మంచి మనసుతో అన్నా, తీసుకున్నవాడే ఇబ్బందిలో పడొచ్చు. ఊళ్ళోవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే పది రోజులైనా దాన్ని ముట్టుకోకుండా పాత యజమాని నంబరు వెతికి ఫోన్ చేశారు.

శకలాల తొలగింపు మీద 2007 నాటి నైరోబీ ఒప్పందం గురించి ఎవరో నిన్ను భయపెట్టారని రాశావు. దాని ప్రకారం తప్పనిసరి ఇన్సూరెన్సు 300 గ్రాస్ టన్నులు, ఆపైన ఉండే ఓడలకే. నీ బోటుకి ఆ గొడవ లేదు. నీకు తగిలే చట్టం ఊళ్ళో ఉండేదే. దారికి గానీ పడవలు తిరిగే మార్గానికి గానీ అడ్డం కలిగిస్తే భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద ఐదు వేల రూపాయల వరకు జరిమానా పడుతుంది. బహిరంగ స్థలంలో అడ్డంకి తీసేయమని నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆర్డీవో స్థాయి మేజిస్ట్రేటు ఆర్డరు వేయొచ్చు. వల చిరిగినా, ఎవరికైనా దెబ్బ తగిలినా నష్టపరిహారం అడిగే హక్కు వాళ్ళకి ఎలాగూ ఉంది. నువ్వు కనిపించకుండా పోతే ఇవన్నీ ఒక్కొక్కటిగా కదులుతాయి. మనిషివి ఎదురుగా వచ్చి నిలబడితే చాలావరకు ఊళ్ళోనే మాటలతో తేలిపోతాయి.

ఇప్పుడు నిజంగా ముఖ్యమైన విషయానికి వస్తాను.

బోటు దిగిన మనిషి మొట్టమొదట చేయాల్సిన పని, తాను బతికే ఉన్నానని చెప్పడం. ఇది చాలామందికి తట్టదు. తెల్లారి వేటకి వెళ్ళేవాళ్ళకి తెరచాప చిరిగి, మనిషి లేని బోటు కనిపించిందనుకో. ముందు "ఇందులో ఉన్నవాళ్ళేమయ్యారు?" అనుకుంటారు. మన మత్స్యకారులు వేట మానేసి వెతకడానికి వెళ్తారు. కోస్ట్ గార్డుకి కబురు వెళ్తే వాళ్ళూ దిగుతారు. ఆ వెతుకులాటలో ఒక తెప్ప తిరగబడితే? నువ్వేమో అప్పటికి ఇంట్లో నిద్రపోతుంటావు. నీ విషయంలో ఆ ఊరివాళ్ళు మిమ్మల్ని కళ్ళారా చూశారు కాబట్టి ఆ ప్రమాదం తప్పింది. ఇది చదివే మిగతావాళ్ళు మాత్రం గుర్తుపెట్టుకోండి. కోస్ట్ గార్డు నంబరు 1554, మెరైన్ పోలీసు నంబరు 1093, ఏదీ గుర్తు రాకపోతే 112. "ఇంతమందిమి ఉన్నాం, అందరం ఒడ్డెక్కాం, బోటు ఫలానా చోట ఉంది, ఎవరూ వెతకనక్కర్లేదు." ఈ నాలుగు మాటలు చెప్పడానికి నిమిషం పట్టదు.

రెండో సంగతి భద్రత. 2008 నవంబరులో ముంబై మీద దాడి చేసినవాళ్ళు సముద్రం మీదుగా వచ్చినప్పటి నుంచి, ఒడ్డున యజమాని తెలియని పడవ కనిపిస్తే దాన్ని ఎవరూ మామూలుగా తీసుకోరు. మన జిల్లాలోనే చూడు. 2022 మేలో అసని తుఫానప్పుడు సంతబొమ్మాళి మండలం సున్నాపల్లి రేవుకి బంగారు రంగు రథం లాంటిది కొట్టుకొచ్చింది. చూడ్డానికి జనం ఎగబడ్డారు, పోలీసులు మాత్రం వెంటనే ఇంటెలిజెన్స్‌కి కబురు పెట్టారు. రథానికే అంత విచారణ జరిగితే, లోపల డబ్బాలు, వైర్లు, బ్యాటరీ ఉన్న బోటుకి ఎంత జరగాలి? నువ్వు ఈ రోజే 1093కి చేసి, తర్వాత కళింగపట్నం మెరైన్ పోలీస్ స్టేషన్‌కి నేరుగా వెళ్ళి, ఒక కాగితం మీద రాసి ఇవ్వు. బోటు రంగు, పొడవు, ఇంజన్ నంబరు, ఎక్కడ కొన్నావు, ఎప్పుడు బయల్దేరావు, ఎందుకు ఒడ్డెక్కింది, లోపల ఏమేం ఉన్నాయి, ఎప్పటిలోగా తీస్తావు, అన్నీ రాయి. కాపీ మీద స్టాంపు వేయించుకో. ఆలస్యమెందుకైందని అడిగితే భయపడ్డానని ఉన్నదున్నట్టు చెప్పు. వాళ్ళు ఇలాంటివి చాలా చూసి ఉంటారు. కథలు అల్లితేనే అనుమానం పుడుతుంది.

బోటు అమ్మినాయనకి కూడా ఈ రోజే ఫోన్ చెయ్యి. తెల్ల కాగితం మీద రాసుకుని కొన్నానన్నావు. అంటే కాగితాల్లో ఇప్పటికీ యజమాని ఆయనే. పోలీసులు మొదట వెళ్ళేది ఆయన ఇంటికి. పాపం ఆయన ఏ తప్పూ చేయలేదు. నువ్వు రాసిచ్చే కాగితంలో ఫలానా తేదీన నేను కొన్నాను, అప్పటి నుంచి జరిగిన ప్రతిదానికీ నాదే పూచీ అని స్పష్టంగా ఉండాలి. దాని కాపీ ఆయనకి పంపు.

ఇక బోటు లోపలున్న వాటి సంగతి. విశాఖ తెన్నేటి పార్కు దగ్గర 2020 అక్టోబరులో వాయుగుండానికి ఒడ్డెక్కిన బంగ్లాదేశ్ ఓడ 'ఎం.వి. మా' మీకు గుర్తుండే ఉంటుంది. అక్కడ ముందు సిబ్బంది పదిహేను మందినీ దింపారు, తర్వాత ట్యాంకుల్లోని ఇంధనం తీశారు. ఓడని మాత్రం నీళ్ళలోకి దించలేకపోయారు. పెద్ద ఓడకైనా చిన్న బోటుకైనా ఆ వరుసే: మనుషులు, నూనె, ఆ తర్వాతే పడవ. నీ బోటులో పెట్రోలు డబ్బాలు, ఇంజన్ ఆయిల్, లెడ్ యాసిడ్ బ్యాటరీ, వంట గ్యాసు సిలిండరు, నిప్పు సిగ్నళ్ళు (ఆపదలో సాయం కోసం వెలిగించేవి) ఉన్నాయని నువ్వే రాశావు. ఆ నిప్పు సిగ్నళ్ళు నన్ను ఎక్కువ భయపెడుతున్నాయి. ఆడుకునే పిల్లలు బోటెక్కకుండా ఉండరు. అదేదో టపాసు అనుకుని పిల్లాడు లాగితే చెయ్యి పోతుంది. నువ్వు వచ్చేలోపు ఊళ్ళో ఎవరైనా పెద్దాయనకి ఫోన్ చేసి, లోపల ఎర్ర పెట్టెలో ఉన్నవాటిని ముట్టొద్దని, పిల్లల్ని ఎక్కనివ్వొద్దని చెప్పించు. వచ్చాక మొదటి రోజే ఇవన్నీ దింపెయ్. బ్యాటరీ వైర్లు విప్పేటప్పుడు పెట్రోలు వాసన వస్తే ఆగి, తలుపులన్నీ తెరిచి గాలి ఆడనిచ్చి అప్పుడు ముట్టుకో. ఇంజన్ కూడా విప్పి తీసుకురా. ఉప్పునీరు లోపలికి వెళ్ళి ఉంటే ఎంత త్వరగా మంచినీళ్ళతో కడిగి మెకానిక్‌కి ఇస్తే అంత మంచిది.

ఫైబర్ గురించి కూడా చెప్పాలి. కెరటం రోజంతా కొడుతుంటే ఫైబర్ పొరలు విడిపోయి పలుగురాళ్ళ అంచుల్లా తేలతాయి. అవి ఇసుకలో కలిసిపోతే తియ్యడం ఎవరి తరమూ కాదు. రేవులో ఆడా మగా అందరూ చెప్పుల్లేకుండా తిరుగుతారు. వల అడుగు తాడుకి తగిలితే వల కన్నులన్నీ తెగిపోతాయి. బోటు అమ్మినాయనకి వచ్చిన ఫోన్‌లో వాళ్ళు చెప్పింది ఇదే. ఒడ్డు నుంచి పెద్దవల లాగే జాగా ఊరందరి ఉమ్మడి జీవనాధారం. వలని అర్ధచంద్రంలా వేసి రెండు చివర్లూ పట్టుకుని లాగుతూ పోతారు. మధ్యలో బోటు కూరుకుని ఉంటే ఆ జాగాలో వల వేయడానికే ఉండదు. పది రోజుల నుంచి వాళ్ళకి ఆ చోటు లేదు. నువ్వు ఎవరికో చిన్న ఇబ్బంది కలిగించాననుకుంటున్నావు. ఎన్ని కుటుంబాలకి ఆ వల మీద వాటా ఉంటుందో తెలిస్తే అలా అనుకోవు.

ఇది తాబేళ్ళ కాలం కూడా. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిళ్ళు మన ఒడ్డుకి వచ్చి గుడ్లు పెడతాయి. వన్యప్రాణి రక్షణ చట్టంలో వాటికి మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. అటవీశాఖ వాళ్ళు గుడ్లు ఏరి హేచరీల్లో పెడతారు, కానీ అన్ని గూళ్ళూ కనబడవు. అందుకని వాళ్ళతో మాట్లాడకుండా జేసీబీ దించొద్దు. రాత్రిపూట పెద్ద లైట్లు పెట్టి పని చేయించొద్దు. ట్రాక్టరు ఏ దారిన రావాలో వాళ్ళు గానీ ఊళ్ళో హేచరీ చూసుకునే కుర్రాళ్ళు గానీ చూపిస్తారు.

ఊళ్ళోకి ఎలా వెళ్ళాలో కూడా చెప్తాను. పని జరగడం, జరగకపోవడం దీని మీదే ఉంటుంది. తిన్నగా బోటు దగ్గరికి వెళ్ళి తాళ్ళు కట్టడం మొదలుపెట్టకు. ముందు ఊరి పెద్దల్ని కలువు. పడవలు ఒడ్డుకొచ్చి చేపల వేలం పాట జరిగే వేళ వెళ్ళకు, ఎవరికీ తీరిక ఉండదు. ఆ గడబిడ సద్దుమణిగాక వెళ్ళు. ఒక్కడివే కాకుండా ఆ రోజు నీతో ఉన్న స్నేహితుణ్ణి కూడా తీసుకెళ్ళు. ఆ రాత్రి అన్నం పెట్టిన ఇంటికి ముందు వెళ్ళి, ఆ తల్లికి చెప్పకుండా వెళ్ళిపోయినందుకు బాధపడుతున్నానని చెప్పు. తర్వాత పెద్దల దగ్గర కూర్చుని "నాది తప్పయింది, బోటు తీసేస్తాను, ఎలా తియ్యాలో మీరే చెప్పండి" అను. ఎలా తియ్యాలో వాళ్ళకి నాకంటే, నీ యూట్యూబ్ వీడియోలకంటే బాగా తెలుసు. ఆ రేవులో ఇసుక ఏ నెలలో ఎటు కదులుతుందో, కెరటం ఎక్కడ మెత్తగా విరుగుతుందో చిన్నప్పటి నుంచి చూసినవాళ్ళు.

వల ఎవరిదైనా చిరిగిందంటే వాదించకు. చూపించమను, బాగుచేయించే ఖర్చు ఎంతో పెద్దల ముందే తేల్చుకో. పనికొచ్చే మనుషులకి ఆ పూట వేట పోతుంది కాబట్టి ఆ పూట సంపాదన లెక్కగట్టి ఇవ్వు, ట్రాక్టరు డీజిల్ వేరు. డబ్బంతా పెద్దల చేతికే ఇవ్వు, నువ్వు ఒక్కొక్కరికీ పంచబోతే గొడవలవుతాయి. ఇంకోటి, బోటులో కొన్ని సామాన్లు కనిపించకపోవచ్చు. దొంగతనమని కంప్లయింట్ ఇవ్వడానికి పరుగెత్తకు. చాలాసార్లు కెరటానికి పోకుండా, బయటివాళ్ళు ఎత్తుకుపోకుండా ఊళ్ళోవాళ్ళే ఇంట్లో పెడతారు. అడిగితే తెచ్చి ఇస్తారు. గ్రామ సచివాలయంలో మత్స్య సహాయకుణ్ణి కూడా కలిస్తే మత్స్యశాఖకి సంగతి అతనే చేరవేస్తాడు.

ఇక తీయడం. ఇక్కడ తొందరపడాలి, ఎందుకో చెప్తాను. మన తీరంలో పెద్ద పోటుకీ ఆటుకీ మధ్య తేడా ఒకటిన్నర మీటరు లోపే. చిన్న పోట్ల రోజుల్లో అర మీటరు దాకా పడిపోతుంది. నీ బోటు పౌర్ణమి మర్నాడు, అంటే ఏడాదిలోనే పెద్దవైన పోట్లలో ఒకదానికి ఒడ్డెక్కింది. అందుకే నీళ్ళు మళ్ళీ దాని దగ్గరికి సరిగ్గా రాలేదు. అంత ఎత్తు నీరు మళ్ళీ రావాలంటే అమావాస్య రావాలి. అది ఉగాది ముందు రోజు. పెద్ద పోటు సరిగ్గా అమావాస్య రోజే కాకుండా ఒకటి రెండు రోజుల తర్వాత వస్తుంది. ఉగాది పూట ఎవరినీ పనికి పిలవకు, మర్నాడు పెట్టుకో. పోటు వేళలు, కెరటాల ఎత్తు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే ప్రభుత్వ సంస్థ) వాళ్ళ సైటులో దొరుకుతాయి. ఆ రోజు కెరటం పెద్దగా ఉందంటే మానెయ్, పక్క రోజు చూసుకో. ఈ అవకాశం పోతే చైత్ర పౌర్ణమి దాకా ఆగాలి. అప్పటికి దక్షిణపు గాలి బలపడుతుంది, ఏప్రిల్, మే నెలల్లో ఉప్పెన కెరటాలు వస్తాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి మనుషులు ఖాళీగా దొరుకుతారు గానీ సముద్రం సహకరించదు. పైగా వెనక్కి వెళ్ళే ప్రతి కెరటం బోటు అడుగున ఇసుకని తోడేస్తుంది, బోటు అంగుళం అంగుళం దిగుతుంది. వర్షాకాలం దాటి అక్టోబరు వస్తే ఇక చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తీరం దాటినప్పుడు కట్టేసిన పడవలే ఎగిరి చెట్ల మధ్య పడ్డాయి.

పని ముందు రోజే మొదలుపెట్టాలి. ఆటు వేళ బోటు చుట్టూ తిరిగి ఎక్కడ చిల్లు పడిందో, చీలిందో చూడు. చూడకుండా లాగితే లోతు నీళ్ళలోకి వెళ్ళాక నిండి మునుగుతుంది. ఇప్పుడు అందరికీ కనిపిస్తోంది, అప్పుడు ఎవరికీ కనిపించకుండా వలలకి, పడవలకి తగులుతుంది. దానికంటే ఒడ్డున ఉండడమే నయం. చిల్లు ఉంటే లోపలి నుంచి ప్లైవుడ్ ముక్క, దాని కింద మందపాటి రబ్బరు పెట్టి బోల్టులతో బిగించు. లోపలున్న నీరు, ఇసుక పూర్తిగా తోడించు. తడి ఇసుక బరువు నువ్వు అనుకునేదానికంటే చాలా ఎక్కువ. కదిలే సామానంతా దింపెయ్.

తర్వాత అణియం, అంటే బోటు ముందు భాగం, సముద్రం వైపు తిప్పాలి. మన ఫైబర్ తెప్పలు అడుగు చదునుగా ఉంటాయి కాబట్టి ఇసుక మీద జారుతాయి. నీ బోటుకి అడుగున బరువైన కీల్ ఉంది, అది నాగలిలా దిగబడుతుంది. దాని చుట్టూ ఇసుక తవ్వి, సముద్రం వైపు కాలువలా దారి తీయాలి. కీల్ కింద దుంగలు గానీ పలకలు గానీ దోపితే మళ్ళీ కూరుకోదు. స్తంభం బాగుంటే దాని పైభాగానికి ఒక తాడు కట్టి పక్కకి లాగి బోటుని వంచితే, కీల్ ఎత్తుకుని తక్కువ నీళ్ళలోనే కదులుతుంది. మనుషులు చాలక ఇబ్బంది పడేచోట ఈ ఉపాయం బాగా పనిచేస్తుంది.

ఒక తెప్ప మీద లంగరుని కెరటాలు విరిగే గీత దాటించి, ఎంత దూరం వీలైతే అంత దూరంలో వేయించు. దాని మోకు బోటు దగ్గరికి తెచ్చి బిగించి ఉంచితే, ప్రతి కెరటం బోటుని ఎత్తినప్పుడల్లా కొంచెం కొంచెం లాగొచ్చు. కెరటం ఎత్తాలి, మోకు లాగాలి, ఈ రెండూ కలవాలి. ఒడ్డు మీద బోటుని ట్రాక్టరుతో జరపాల్సి వచ్చినా, తాడు కట్టే కొక్కేనికి మాత్రం కట్టకు. అది పాత బోటు, ఊడి వస్తుంది. మోకుని బోటు చుట్టూ తిప్పి కట్టు, రాసుకునేచోట గోనెసంచులు పెట్టు.

ఒక్క జాగ్రత్త మాత్రం ఎవరు చెప్పినా చెప్పకపోయినా పాటించు. లాగుతున్నప్పుడు తాడు వెంబడి, తాడు వెనక ఎవరినీ నిలబడనివ్వకు. నైలాన్ తాడు సాగి తెగితే మనిషి ఎముక విరిగిపోతుంది. టగ్గు మీద అలాంటి దెబ్బలు తగిలినవాళ్ళని దగ్గరుండి చూశాను. వింత చూడ్డానికి జనం, ముఖ్యంగా పిల్లలు గుమిగూడతారు. వాళ్ళని దూరంగా ఉంచడానికే ఇద్దరు మనుషుల్ని పెట్టు. లాగడం మొదలవకముందే ఈ ఇద్దరూ తమ చోట్లలో ఉండాలి.

తేలాక సంతోషంలో అదే బోటు మీద భీమిలి పోదామనుకోకు. ఒక ఇంజన్ బోటుతో లాగించి వంశధార మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర గానీ, వాళ్ళు చూపించే వేరే ఆసరా ఉన్నచోట గానీ కట్టి, అక్కడి నుంచి ట్రైలరు మీద వేసుకుని రోడ్డున తీసుకుపో. మొగ దగ్గర ఇసుక దిబ్బలు మారుతూ ఉంటాయి, స్థానికుడు లేకుండా లోపలికి వెళ్ళొద్దు.

నీటిలోకి దించే అవకాశం లేదని తేలితే, ఒడ్డు మీదుగానే తీయాలి. ట్రాక్టరుతో ఇసుక మీద పైకి లాగి, క్రేనుతో లారీ ఎక్కించడం. బోటు పూర్తిగా పాడైతే అక్కడే ముక్కలు కోసి తీసుకెళ్ళడం. కోసేటప్పుడు కింద టార్పాలిన్ పరిచి ప్రతి ముక్కా ఏరించు, కోసేవాడికి ముక్కుకి మాస్కు ఉండాలి. తగలబెడితే పోతుందని ఎవరైనా అంటే ఒప్పుకోకు. ఫైబర్ పొగ విషం, మిగిలిన గాజు పీచు ఇసుకలోనే ఉండిపోతుంది. కీల్‌లోని సీసం లేదా ఇనుము, స్తంభం, ఇంజన్ అమ్మితే ఖర్చులో కొంత వస్తుంది. పెద్దలు అడిగితే అవే వాళ్ళకి రాసిచ్చేయొచ్చు, కానీ ఇచ్చేది సంతకం పెట్టి కాగితం మీద ఇవ్వు, పోలీసులకి ఒక కాపీ ఇవ్వు. అప్పుడే తీసుకున్నవాళ్ళకి రక్షణ.

ఇన్సూరెన్సు ఉందో లేదో నువ్వు రాయలేదు. ఉంటే ఈ రోజే కంపెనీకి తెలియజెయ్యి. 1963 మెరైన్ ఇన్సూరెన్సు చట్టం 78వ సెక్షన్ ప్రకారం నష్టం పెరగకుండా చూసుకోవడం పాలసీదారుడి విధి. పది రోజులు పట్టించుకోలేదంటే వాళ్ళు దాన్నే ఎత్తిచూపుతారు. బోటుని వాళ్ళకి వదిలేస్తున్నానని నోటీసు ఇచ్చే పద్ధతి కూడా ఆ చట్టంలో ఉంది. కానీ నోటీసు ఇచ్చేశాం కదా అని బోటు దగ్గరి పని ఆపకు.

"నాకు అనుభవం లేదు, అందుకే ఇలా అయింది" అని నీ ప్రశ్నలో చాలాచోట్ల రాశావు. అనుభవం లేకపోవడం వల్ల బాధ్యత తగ్గదు. జనం దయ మాత్రం పెరుగుతుంది. కుర్రాడు, తెలియక చేశాడు అని పెద్దలు సర్దుకుంటారు. ఆ దయని వాడుకుని తప్పించుకోవడం నాకు నచ్చదు. దాన్ని తీసుకుని పని పూర్తి చెయ్యి. ఆ లంగరు ఎందుకు పట్టలేదో కూడా నీకు తెలియాలి. లోతుకి ఐదు రెట్లైనా తాడు వదలకపోతే, లంగరు దగ్గర కొంత గొలుసు లేకపోతే, ఇసుక అడుగున ఏ లంగరైనా ఈడ్చుకుపోతుంది. ఇంజన్ ఆగిన వెంటనే, ఇంకా ఒడ్డుకి దూరంగా ఉండగానే లంగరు వేయాలి. ఇంజన్ బాగుచేసుకుంటూ కూర్చుంటే గాలి తన పని తాను చేసుకుపోతుంది. నీకు నలభై నిమిషాలు ఇంజన్ మీదే పోయాయని రాశావు చూడు, అక్కడే బోటు పోయింది. మళ్ళీ సముద్రం మీదకి వెళ్ళాలనిపిస్తే వెళ్ళు, కానీ ఒక సీజను ఎవరి పడవ మీదైనా పనివాడిలా తిరిగి నేర్చుకున్నాక వెళ్ళు.

నేను ఉగాది వారమంతా ఊళ్ళోనే ఉంటాను. నువ్వు పోలీస్ స్టేషన్‌లో కాగితం ఇచ్చాక, ఆ రేవు పెద్దల్ని కలిశాక ఇక్కడే రాయి. ఈలోపు ఊళ్ళో ఎవరినైనా అడిగి నాకు నాలుగు సంగతులు తెలుసుకుని పెట్టు: అణియం ఎటు తిరిగి ఉంది, బోటు ఒరిగింది సముద్రం వైపా ఊరి వైపా, పోటు వేళ నీళ్ళు బోటుకి ఎంత దూరంలో ఆగుతున్నాయి, ఇసుక ఏ ఎత్తు దాకా కప్పింది. రెండు మూడు ఫోటోలు ఆటు వేళ తీయించి పెడితే ఇంకా మంచిది. సముద్రం వైపు ఒరిగి ఉంటే కెరటం ప్రతిసారీ లోపల పడుతుంటుంది. అలాగైతే ఉగాది దాకా ఆగకుండా రేపే నలుగురు మనుషుల్ని పెట్టి ఊరి వైపు వంచించాలి. మోకు మాత్రం నువ్వు కొనకు, మా దగ్గర ఉంది.